దొర్లే చక్రం నుంచి దీపం దాకా: పశువు లాగే బండిపై విద్యుత్తు చరిత్ర

పశువు లాగే బండికి చక్రం భారాన్ని మోసే అవయవం మాత్రమే కాదు. బండి కదిలినంతసేపూ నేలను పట్టుకుని తిరిగే ఆ చక్రం నుంచి కొంత చలనాన్ని పళ్లచక్రాల ద్వారానో, గొలుసు ద్వారానో, బెల్టు ద్వారానో మరొక పరికరానికి అందించి, ప్రయాణంతోపాటే ఇంకొక పనినీ జరిపించుకోవచ్చునన్న ఆలోచన రెండు వేల ఏళ్లనాటిది. ఆ పని ఒక కాలంలో దూరాన్ని లెక్కపెట్టడం, మరొక కాలంలో ధాన్యం దంచడం, ఇంకొక కాలంలో పైరు కోయడం; విద్యుత్తును పుట్టించడం ఆ వరుసలో చివరగా వచ్చి చేరింది. అయితే అంతవరకు పశువులే ముందుండి నడిపిన ఈ వరుసలో, విద్యుత్తు దగ్గరికి వచ్చేసరికి పశువు లాగే బండి వెనకబడిపోయి, రైలుపెట్టె, సైకిలు ముందుకు సాగిపోయాయి. దీనికి కారణాన్ని యంత్రకారుల తెలివితేటల కొరతలో వెతకడం వృథా. అది పశువు నడకలోని నిదానంలో ఉంది, ఆ నడక నుంచి తీసుకునే ప్రతి పిసరు శక్తికీ పశువే మూల్యం చెల్లించవలసి రావడంలో ఉంది.

ఈ చరిత్రను గానుగ చరిత్రతో కలిపి చూడకూడదు. గానుగలో ఎద్దు ఒక కేంద్రం చుట్టూ తిరుగుతూ, కాడికి కట్టిన దూలం ద్వారా రోటిలోని రోకలిని నేరుగా తిప్పుతుంది. మోటలో ఎడ్లు ముందుకు నడిచి, తాడు ద్వారా నీటిని పైకి లాగుతాయి. ఈ రెండు ఏర్పాట్లలోనూ పశువు ప్రయాణం చేయదు, చేసేదంతా పనే. బండి చక్రం నుంచి శక్తిని తీసే పద్ధతిలో మాత్రం పశువు నేల మీద ముందుకు పోతూ బండిని లాగుతుంది, బండి లాగబడడం వల్ల చక్రం నేలపై దొర్లుతుంది, ఆ దొర్లుడు నుంచి పని పుడుతుంది. అంటే పశువుకూ పనికీ మధ్య నేల ఒక మధ్యవర్తిగా నిలుస్తుంది. నేల జారితే, బురదైతే, చక్రానికి పట్టు దొరక్కపోతే, పశువు ఎంత లాగినా పని జరగదు. ఇలా నేలను ఆధారం చేసుకుని ఇతర భాగాలను తిప్పే చక్రాన్ని ఈ వ్యాసంలో నేలచక్రం అని వ్యవహరించడం సౌకర్యంగా ఉంటుంది.

నేలచక్రం చేత పని చేయించే యంత్రపు వివరణ ఒకటి క్రీస్తుపూర్వం 1వ శతాబ్దికి చెందిన రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ రచనలో, పదో సంపుటంలో, కనిపిస్తుంది. దారి పొడవును కొలిచే ఆ బండి చక్రం చుట్టుకొలత పన్నెండున్నర రోమన్ అడుగులు కాబట్టి, అది 400 సార్లు తిరిగేసరికి 5,000 అడుగులు, అంటే ఒక రోమన్ మైలు, పూర్తవుతుంది. చక్రపు కుంభికి, అంటే ఆకులన్నీ వచ్చి కలిసే నడిమి దుంగకు, ఒకే ఒక పన్ను గల డోలును బిగించి, అది తిరిగినప్పుడల్లా 400 పళ్ల మరో చక్రాన్ని ఒక్కొక్క పన్ను చొప్పున జరిపేలా అమర్చారు. ఆ రెండో చక్రం ఒక చుట్టు పూర్తి చేసేసరికి పైనున్న మూడో డోలు ఒక రంధ్రం మేర కదిలి, ఒక గులకరాయి కంచు పాత్రలోకి టంగుమని రాలుతుంది. సాయంత్రం పాత్రలోని రాళ్లను లెక్కిస్తే ఆనాటి ప్రయాణం ఎన్ని మైళ్లో తెలుస్తుంది. ఈ యంత్రం అడిగే శక్తి దాదాపు శూన్యం. గుర్రానికి దాని బరువే తెలియదు. నేలచక్రానికి దొరికిన ఈ తొలి ఉద్యోగం లెక్కలు రాసేది కావడం, శ్రమకు సంబంధించినది కాకపోవడం గమనార్హం.

శ్రమతో కూడిన ఉద్యోగం దానికి చైనాలో దొరికింది. క్రీ.శ. 334 నుంచి 349 వరకు ఉత్తర చైనాలో తర్వాతి జావ్ రాజ్యాన్ని ఏలిన షి హు కొలువులో షియే ఫేయ్, వేయ్ మెంగ్‌బియాన్ అనే ఇద్దరు యంత్రకారులు ఉండేవారని, వారు దంపుడు బండిని, తిరగలి బండిని తయారుచేశారని ఆ రాజ్యపు రాజధాని యే నగరాన్ని వర్ణించిన ప్రాచీన గ్రంథం చెబుతుంది. దంపుడు బండి ముందుకు కదిలినప్పుడల్లా, దానిపై నిలబెట్టిన కొయ్యమనిషి రోకలిని ఎత్తి రోట్లో వేసేవాడు. పది లీల దూరం, అంటే నాలుగైదు కి.మీ., సాగేసరికి ఒక హూ కొలత బియ్యం దంచడం పూర్తయ్యేది. తిరగలి బండి అంతే దూరంలో ఒక హూ గోధుమను పిండి చేసేది. సైన్యం గానీ రాజపరివారం గానీ కదులుతున్నప్పుడు తిండి సిద్ధం కావడానికి మళ్లీ వేరుగా సమయం ఖర్చు కాకూడదన్నది దీని వెనకనున్న అవసరం. ప్రయాణ దూరాన్ని దంచిన ధాన్యపు కొలతతో ముడిపెట్టిన ఈ లెక్కలో ఒక లోతైన గ్రహింపు ఉంది: నేలచక్రం నుంచి వచ్చే పని కాలాన్ని బట్టి గాక దూరాన్ని బట్టి లభిస్తుంది. బండి నిలిచిపోతే పని నిలిచిపోతుంది. బండి వేగం పెరిగితే పని వేగమూ పెరుగుతుంది. పదిహేను శతాబ్దాల తర్వాత డైనమో కట్టిన వారందరినీ వేధించిన చిక్కు సరిగ్గా ఇదే.

చైనాలోనే ప్రతి లీకి ఒకసారి కొయ్యబొమ్మ డప్పు కొట్టే బండి కూడా ఉండేది. దాని పళ్లచక్రాల లెక్కలను 1027లో లు దావ్‌లోంగ్ అనే అధికారి సోంగ్ ఆస్థానానికి సమర్పించాడు. ఐరోపాలో మాత్రం తిరగలి బండి వేరే దారి పట్టింది. ఇటలీకి చెందిన విత్తోరియో జోంకా గ్రంథం 1607లో అచ్చయింది. అందులో చిత్రించిన సైనిక తిరగలి బండిని గుర్రాలు శిబిరం దాకా లాగుకొస్తాయి, కానీ పిండి విసిరేటప్పుడు బండి కదలదు, గుర్రాలు దాని పక్కన గానుగెద్దుల్లా గుండ్రంగా తిరుగుతాయి. గతుకుల దారిలో ఊగిపోయే బండి మీద రాతి తిరగలిని సమంగా తిప్పడం కంటే నిలకడగా నిలిపి తిప్పడమే మేలని ఆనాటి ఐరోపా యంత్రకారులు భావించినట్లు దీన్నిబట్టి ఊహించవచ్చు.

నేలచక్రానికి నిజమైన మహర్దశ 19వ శతాబ్దంలో పొలాల్లో పట్టింది. స్కాట్లండ్‌లో పాట్రిక్ బెల్ 1828లో ప్రయోగించిన కోత యంత్రాన్ని గుర్రాలు వెనకనుంచి నెట్టేవి. అమెరికాలోని వర్జీనియాలో సైరస్ మెకార్మిక్ 1831లో ప్రదర్శించి 1834లో పేటెంటు పొందిన యంత్రాన్ని గుర్రాలు పక్కగా నడుస్తూ లాగేవి. రెండింటిలోనూ కత్తులను ఆడించేది నేలచక్రమే. మెకార్మిక్ యంత్రంలోని పెద్ద చక్రానికి అంచు పొడుగునా నేలను కరిచిపట్టే గుబ్బలు ఉండేవి. ఆ చక్రం తిరిగితే పళ్లచక్రాల ద్వారా ఒక వంకర కడ్డీ తిరిగి, రంపపు పళ్ల కత్తిని ఇటూ అటూ వేగంగా ఆడించేది, బెల్టు ద్వారా పైనున్న గిలక తిరిగి పైరును కత్తి మీదికి వంచేది. ఆ యంత్రాన్ని రూపొందించడంలో మెకార్మిక్ కుటుంబం బానిసగా ఉంచుకున్న జో ఆండర్సన్ అనే నల్లజాతీయుడి చేయి గణనీయంగా ఉందన్న సంగతిని చాలాకాలం ఎవరూ చెప్పలేదు. కోత యంత్రం తర్వాత పనలు కట్టే యంత్రం, ఎరువు చల్లే బండి, ఎండుగడ్డి తిరగవేసే యంత్రం, విత్తన గొర్రు వరుసగా నేలచక్రంతోనే నడిచాయి. ఆవిరి యంత్రాలు రైళ్లనూ మిల్లులనూ నడుపుతున్న శతాబ్దంలోనే అమెరికా, ఐరోపా పొలాల యాంత్రికీకరణ ఇంతగా గుర్రం కండల మీద, ఇనుప చక్రపు గుబ్బల మీద ఆధారపడి ఉందన్నది యంత్రయుగం గురించి రాసేవారు తరచూ విస్మరించే వాస్తవం.

దీని పరాకాష్ఠ కోత, నూర్పిడి రెంటినీ ఒకేసారి చేసే యంత్రం. మిషిగన్‌లో హైరం మూర్, జాన్ హాస్కల్ 1836లోనే దానికి పేటెంటు తీసుకున్నారు. కాలిఫోర్నియాలోని విశాలమైన గోధుమ క్షేత్రాల్లో 1880ల నుంచి అది విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. కోత కత్తి, కంకిని నూర్చే డోలు, జల్లెడ, పొట్టు ఎగరగొట్టే పంకా, ఇవన్నీ ఒక్క నేలచక్రం నుంచే తిరగాలి కనుక దాన్ని లాగడానికి ఇరవై మొదలుకొని నలభై దాకా గుర్రాలను, కంచరగాడిదలను కట్టేవారు. మెట్ట దగ్గర పశువుల నడక మందగిస్తే డోలు వేగం తగ్గి గింజ కంకిలోనే మిగిలిపోయేది. తడి నేలలో చక్రం జారితే కోసిన పైరు లోపల ఇరుక్కుపోయి యంత్రం మొరాయించేది. ఒక్కసారి ఆగిన తర్వాత నిండిన డోలును తిప్పుతూ బండిని కదిలించడం పశువులకు ప్రాణాంతకమైన శ్రమ. చివరికి బండిని మాత్రం పశువులతో లాగించి, లోపలి భాగాలను తిప్పడానికి దాని మీదే ఒక చిన్న ఇంజను బిగించే పద్ధతి వచ్చింది. లాగే పనినీ తిప్పే పనినీ విడదీయడమే ఆ చిక్కుకు విరుగుడని రైతులు అనుభవం మీద తెలుసుకున్నారు. ఇదే విరుగుడు విద్యుత్తు విషయంలోనూ మరో రూపంలో తిరిగి కనిపిస్తుంది.

మెకార్మిక్ కోత యంత్రం తొలిసారి పొలంలో కదిలిన 1831లోనే లండన్‌లో మైకేల్ ఫారడే, అయస్కాంతపు కొసల మధ్య రాగి పళ్లేన్ని తిప్పి నిరంతరాయంగా విద్యుత్తును రాబట్టాడు. అయస్కాంత క్షేత్రంలో లోహపు తీగ కదిలితే ఆ తీగలో విద్యుత్ పీడనం, అంటే వోల్టేజి, పుడుతుంది. తీగ ఎంత వేగంగా కదిలితే అది అంత ఎక్కువగా ఉంటుంది. అందువల్ల తిరుగుడు నుంచి విద్యుత్తును పుట్టించే యంత్రమైన డైనమోకు మొదటి అవసరం వేగం. 1860ల చివర వెర్నర్ సీమెన్స్ తదితరులు, డైనమో తన విద్యుత్తుతోనే తన అయస్కాంతాన్ని బలపరచుకునే పద్ధతిని కనుగొన్నాక, 1879 ప్రాంతంలో ఎడిసన్, స్వాన్‌ల దీపాలు వచ్చాక, కదిలే వాహనంలో విద్యుద్దీపం పెట్టాలన్న కోరిక సహజంగానే కలిగింది. ఆ కోరికను తీర్చుకున్నది రైలు.

లండన్, బ్రైటన్‌ల మధ్య నడిచిన ఒక పుల్‌మన్ పెట్టెలో 1881 అక్టోబరులో విద్యుద్దీపాలు వెలిగినప్పుడు వాటికి శక్తి పెట్టె కింద ఉంచిన బ్యాటరీల నుంచి వచ్చింది. ఆ బ్యాటరీలను స్టేషనులో నింపవలసి వచ్చేది. ఆ తర్వాత అదే రైల్వేలో గార్డు పెట్టెలో డైనమో ఉంచి, ఇరుసు నుంచి బెల్టుతో దాన్ని తిప్పే ప్రయత్నాలు జరిగాయి. రైలుకు ఇక్కడ ఒక సహజమైన సౌలభ్యం ఉంది. ఎడ్లబండిలో ఇరుసు కదలకుండా ఉండి, చక్రం దాని మీద విడిగా తిరుగుతుంది. రైలుపెట్టెలో రెండు చక్రాలూ ఇరుసుకు బిగించి ఉండడం వల్ల ఇరుసే తిరుగుతుంది. తిరిగే ఇరుసుకు కప్పీ వేసి బెల్టు తొడగడం సులువు. అయినా బండి ఆగినప్పుడు దీపం ఆరిపోకూడదు, వేగం పెరిగినప్పుడు బల్బు మాడిపోకూడదు, రైలు వెనక్కి నడిచినప్పుడు విద్యుత్ ప్రవాహం తలకిందులు కాకూడదు. ఈ మూడింటికీ కలిపి 1890ల మధ్యలో లండన్ సమీపంలోని డెప్ట్‌ఫర్డ్‌లో జె. స్టోన్ సంస్థ పరిష్కారం చూపింది. డైనమోను గట్టిగా బిగించకుండా ఒక కొక్కేనికి పక్కవాటుగా వేలాడదీసి, దాని బరువే బెల్టును బిగించేలా అమర్చారు. నిర్ణీత వేగం దాటాక డైనమో మీద భారం పెరిగి బెల్టు జారడం మొదలవుతుంది కాబట్టి, రైలు ఎంత పరుగెత్తినా డైనమో దాదాపు ఒకే వేగంతో తిరుగుతుంది. రైలు తగినంత వేగం అందుకున్నప్పుడు ఒక స్విచ్చి తనంతట తాను కలుస్తుంది, వేగం తగ్గినప్పుడు విడిపోతుంది, విడిపోయినంతసేపూ బ్యాటరీ దీపాలను పోషిస్తుంది. బెల్టు జారడాన్ని లోపంగా చూడకుండా దాన్నే నియంత్రణ సాధనంగా మలచుకున్న ఆ ఊహ నిజంగా మెచ్చదగినది.

భారతదేశంలోనూ ఈ పద్ధతి దశాబ్దాల పాటు రాజ్యమేలింది. తొలుత 24 వోల్టుల డైనమోలు, తర్వాత 110 వోల్టుల ఆల్టర్నేటర్లు పెట్టెల అడుగున వేలాడుతూ, ఇరుసు నుంచి బెల్టుల ద్వారా తిరిగేవి. సాధారణ పెట్టెకు నాలుగున్నర కిలోవాట్ల యంత్రం, ఏసీ పెట్టెకు 25 కిలోవాట్ల యంత్రం అమర్చడం వాడుకైంది. సిగ్నలు దగ్గర గంటలకొద్దీ ఆగిన ప్యాసింజరు రైలులో దీపాలు ఎర్రబడి, పంకాలు మందగించడం తెలుగునాట పాత తరం ప్రయాణికులందరికీ పరిచితమైన అనుభవమే. రైలు కదలనంతసేపు ఆల్టర్నేటరు తిరగకపోవడం, బ్యాటరీ అలసిపోవడం దానికి కారణాలు. ఇరవై పెట్టెల రైలంతా కలిపి ఇలా తీసుకునే శక్తి 90 కిలోవాట్లయినా, లాగే ఇంజను సామర్థ్యం మూడు వేల కిలోవాట్ల స్థాయిలో ఉంటుంది కాబట్టి ఇంజనుకు ఆ భారం నూటికి మూడు వంతులు మాత్రమే. పశువు లాగే బండికీ రైలుకీ మధ్యనున్న అంతరం అంతా ఈ నిష్పత్తిలోనే దాగి ఉంది.

సైకిలు ఆ అంతరంలో మధ్యస్థంగా నిలుస్తుంది. టైరు పక్కను ఆనుకుని తిరిగే సీసా ఆకారపు డైనమో 20వ శతాబ్దపు మొదటి సగంలో ప్రపంచమంతటా వ్యాపించింది. గంటకు 15 కి.మీ. వేగంతో పోయే సైకిలు టైరు అంచు నిమిషానికి 250 మీటర్లు కదులుతుంది, డైనమో తలమీది చిన్న బొడిపె చుట్టుకొలత ఏడు సెంటీమీటర్లే కాబట్టి అది నిమిషానికి మూడున్నర వేల చుట్లకు పైగా తిరుగుతుంది. దాని నుంచి వచ్చే ఆరు వోల్టుల మూడు వాట్ల శక్తి ఒక చిన్న దీపానికి చాలు. అయితే డైనమోను టైరుకు ఆనించిన క్షణం నుంచి తొక్కేవాడి పిక్కలకు ఆ తేడా తెలుస్తుంది. వెన్నెల రాత్రి దాన్ని వెనక్కి లాగి, దీపం లేకుండానే పోవాలా వద్దా అన్నది అతడు తేల్చుకోగలడు. కాడికి కట్టిన ఎద్దుకు అటువంటి ఎంపిక లేదు.

బండి విషయంలో లెక్క ఎలా తేలుతుందో చూస్తే చరిత్ర ఎందుకు అలా నడిచిందో స్పష్టమవుతుంది. నాలుగు అడుగుల వ్యాసం గల ఎడ్లబండి చక్రం చుట్టుకొలత సుమారు 3.8 మీటర్లు, గంటకు నాలుగు కి.మీ. నడకలో అది నిమిషానికి 18 సార్లు కూడా తిరగదు. మీటరుకు కాస్త తక్కువ వ్యాసం గల రైలు చక్రం గంటకు 60 కి.మీ. వేగంలో దాదాపు 350 సార్లు తిరుగుతుంది. పద్దెనిమిది చుట్లను వెయ్యి చుట్లుగా మార్చాలంటే పళ్లచక్రాలతో 55 రెట్లు పెంచాలి. అంత పెంపు ఒక్క జతతో సాధ్యం కాదు, రెండు మూడు జతలు కావాలి, ప్రతి జత దగ్గరా కొంత శక్తి రాపిడికి ఆహుతవుతుంది. సైకిలు డైనమోను చక్రపు అంచుకే ఆనిస్తే పళ్లచక్రాల బెడద లేకుండా వెయ్యి చుట్ల దాకా రావచ్చు గానీ, ఇనుప పట్టా మీద దుమ్మూ బురదా పేరుకున్నప్పుడు ఆ బొడిపె జారిపోతుంది, గతుకులకు ఎగిరిపడుతుంది. రబ్బరు టైర్ల బండి, తెలుగు రైతులు డన్‌లప్ బండి అనేది, ఈ విషయంలో కొంత నయం.

వేగం కంటే పెద్ద ప్రశ్న శ్రమది. రబ్బరు టైర్ల మీద టన్ను బరువున్న బండిని చదునైన తారురోడ్డుపై కదిలించడానికి సుమారు 20 కిలోల బలంతో లాగాలనుకుంటే, నాలుగు కి.మీ. నడకలో అది దాదాపు 220 వాట్ల పని. వాట్ అంటే పని జరిగే రేటుకు కొలమానం. ఆ బండికి పాతరకపు 25 వాట్ల బల్బులు రెండింటిని వెలిగించాలంటే, డైనమో, బెల్టులు, పళ్లచక్రాలు సగం శక్తిని మింగేస్తాయనుకుంటే, ఎడ్ల నుంచి అదనంగా 100 వాట్లు రాబట్టాలి. అంటే లాగుడు 20 కిలోల నుంచి 29 కిలోలకు పెరుగుతుంది. రెండు దీపాల కోసం పశువుల మెడ మీద దాదాపు సగం భారం పెంచడానికి ఏ రైతూ ఒప్పుకోడు, ఒప్పుకోకపోవడం న్యాయం. ఇరుసు కింద వేలాడే లాంతరుకు ఒక రాత్రికి కావలసింది గుక్కెడు కిరసనాయిలు. బండి చక్రం నుంచి విద్యుత్తును తీసే ఆలోచన కాగితాల మీద ఎంత ఆకర్షణీయంగా కనిపించినా, మామూలు బల్బు ఉన్నంతకాలం ఈ లెక్క ముందు అది నిలబడలేదు.

అమెరికా గ్రామాల అనుభవమూ దీన్నే సూచిస్తుంది. 1930ల మధ్యనాటికి అక్కడి వ్యవసాయ కుటుంబాల్లో పదింట ఒకదానికి మాత్రమే కరెంటు తీగ చేరింది. గ్రామీణ విద్యుదీకరణ సంస్థ 1935లో ఏర్పడింది. అంతవరకు రేడియో బ్యాటరీని నింపుకోవడానికి రైతులు ఆశ్రయించింది ఇంటికప్పు మీది గాలిమరను. చేతిలో గుర్రాలూ బండ్లూ ఉండికూడా వాటిని ఆశ్రయించకపోవడానికి కారణం తేలికే: గాలికి దాణా పెట్టనక్కరలేదు. అదే దశాబ్దంలో కెనడాలో పెట్రోలు కొనలేని రైతులు మోటారు కార్ల ఇంజన్లు విప్పేసి గుర్రాలను కట్టి, ఆనాటి ప్రధాని పేరుమీద వాటిని బెన్నెట్ బగ్గీలని పిలిచారు. మోటారు చక్రాలూ టైర్లూ గుర్రం చేతికి వచ్చాయి గానీ, కారులో విద్యుత్తు పుట్టేది ఇంజను నుంచి కాబట్టి ఇంజనుతోపాటు అదీ పోయింది.

గుర్రబ్బండికి విద్యుద్దీపం తప్పనిసరైన చోటు ఒకటుంది. పెన్సిల్వేనియా, ఒహాయో, ఇండియానా తదితర రాష్ట్రాల్లో నివసించే ఆమిష్ మతస్థులు, మూడున్నర లక్షలకు పైబడిన జనాభా గల సమాజం, మోటారు వాహనాన్ని సొంతం చేసుకోరు, తమ సొంత ప్రయాణాలకు గుర్రపు బగ్గీలనే వాడతారు. ఊరందరినీ కలిపే కరెంటు తీగను ఇంట్లోకి తెచ్చుకుంటే బయటి లోకం మీద ఆధారపడడం పెరుగుతుందని, సమాజపు కట్టు సడలుతుందని వారి పెద్దలు 20వ శతాబ్దపు తొలి దశకాల్లోనే నిర్ణయించారు. అయితే వారి అభ్యంతరం విద్యుత్తు మీద కాదు, తీగ మీద; బ్యాటరీలో నింపుకున్న 12 వోల్టులు చాలా సంఘాలకు ఆమోదయోగ్యమే. రహదారుల మీద గంటకు 90 కి.మీ. వేగంతో వచ్చే కార్ల మధ్య 15 కి.మీ. వేగంతో నడిచే నల్లని బగ్గీ రాత్రివేళ కనిపించకపోతే ప్రాణాలు పోతాయి, పోయాయి కూడా. నిదానంగా నడిచే వాహనాలన్నిటి వెనకా తగిలించే నారింజరంగు త్రిభుజాన్ని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో 1960ల మొదట్లో కెన్ హార్క్‌నెస్ రూపొందించాడు. మరీ నిష్ఠగల సంఘాలు ఆ మెరిసే రంగును ఆడంబరమని తిరస్కరించాయి. మినెసోటా రాష్ట్రంలో ఈ తగాదా అమెరికా సుప్రీంకోర్టు దాకా పోయి, చివరికి 1990లో, వెండిరంగు పట్టీలు, ఎర్ర లాంతరు పెట్టుకుంటే చాలునని ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం తేల్చింది. ఒహాయోలో 2022లో వచ్చిన చట్టం పశువు లాగే ప్రతి బండి పైనా మినుకుమినుకుమనే పసుపు దీపం ఉండాలని నిర్దేశించింది. ఆమిష్‌లలోని స్వార్ట్‌జెన్‌ట్రూబర్ శాఖవారు దాన్నీ వ్యతిరేకించారు.

ఈ బగ్గీల్లో ముందు దీపాలు, వెనక దీపాలు, మలుపు సూచించే దీపాలు అన్నీ ఉన్నాయి. కానీ వాటి శక్తి చక్రం నుంచి కాక, సీటు కింది బ్యాటరీ నుంచి వస్తుంది. ఆ బ్యాటరీని ఇంటి దగ్గర సౌరఫలకంతోనో, చిన్న జెనరేటరుతోనో నింపుకుంటారు. కాలిఫోర్నియా కోత యంత్రం నేర్పిన పాఠమే ఇక్కడ మళ్లీ ఆచరణలో ఉంది: లాగే పని గుర్రానిది, వెలిగించే పని మరొకదానిది. ఆశ్చర్యమేమంటే అదే ఆమిష్ పొలాల్లో నేలచక్రం ఇంకా బతికే ఉంది. ఎరువు చల్లే బండ్లు, గడ్డి తిరగవేసే యంత్రాలు నేటికీ చక్రం తిరుగుడుతోనే నడుస్తాయి. ఎక్కువ శక్తి కావలసిన గడ్డి మోపుల యంత్రానికి మాత్రం చాలా సంఘాలు ఇంజను బిగించి, యంత్రాన్ని గుర్రాలతోనే లాగిస్తాయి.

భారతదేశంలో ఎడ్లబండిని శాస్త్రీయంగా పరిశీలించడం 1970లలో ఊపందుకుంది. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజ్‌మెంట్ డైరెక్టరుగా పనిచేసిన ఎన్.ఎస్. రామస్వామి దేశంలోని కోటిన్నర బండ్ల వ్యవస్థను ఒక జాతీయ సంపదగా చూడాలని, మెడను కోసే కాడిని, బేరింగు లేని చక్రాన్ని, బరువు ముందుకు పడే నిర్మాణాన్ని మార్చాలని పట్టుదలగా వాదించారు. ఆయన దృష్టిలో మొదటి కర్తవ్యం పశువు నుంచి ఇంకేమి రాబట్టవచ్చునన్నది కాదు, వృథాగా పోతున్న దాని శ్రమను ఎంత తగ్గించవచ్చునన్నది. బండి చక్రానికి డైనమో తగిలించాలని తలచేవారు ముందుగా గుర్తుంచుకోవలసింది ఈ క్రమాన్నే: కందెన లేని ఇరుసు రాపిడిలో పోగొట్టే శక్తి, అది వెలిగించబోయే దీపానికి కావలసిన శక్తి కంటే చాలా ఎక్కువ. పశువుతో విద్యుత్తును పుట్టించే ప్రయత్నాలు ఇక్కడ జరిగినచోట అవి బండికి బదులు గానుగ పద్ధతిని ఎంచుకున్నాయి. ఎడ్లు గుండ్రంగా తిరుగుతూ పళ్లచక్రాల పెట్టె ద్వారా జెనరేటరును నడిపే ఆ ఏర్పాటులో నేల అనే మధ్యవర్తి లేడు, చక్రం జారడమూ లేదు.

ఇటీవలి ఎల్ఈడీ దీపం ఈ పాత లెక్కను మార్చివేసింది. మునుపు 50 వాట్లు కావలసిన వెలుగు ఇప్పుడు ఐదారు వాట్లకే వస్తుంది కాబట్టి, ఐదు వాట్ల దీపానికి ఎడ్ల మీద పడే అదనపు లాగుడు ఒక కిలో బలానికి మించదు. అయినా ఆ ఒక కిలోనైనా చదునైన దారిలో గానీ, మెట్ట ఎక్కేటప్పుడు గానీ పశువు నుంచి తీసుకోవలసిన అవసరం సౌరఫలకం వచ్చాక లేకపోయింది. పశువుకు ఏ భారమూ కలిగించకుండా చక్రం విద్యుత్తును ఇవ్వగల సందర్భం ఒకటే మిగిలింది, అది దిగుడు దారి. పల్లంలో బండి తన బరువుతో తానే దూసుకొచ్చి పశువుల వెనక కాళ్లను తాకబోతుంది. దాన్ని ఆపడానికి ఘాట్ దారుల్లో బండ్లవాళ్లు చక్రానికి దుంగను రాయించడమో, వెనక మొద్దును ఈడ్పించడమో చేసేవారు, పెన్సిల్వేనియా కొండదారుల్లో ఆమిష్ బగ్గీకి బ్రేకు బిగిస్తారు. ఆ నిరోధమంతా వేడిగా వృథా అవుతుంది. జెనరేటరు నుంచి విద్యుత్తును తీస్తున్నప్పుడు దాని ఇరుసు తిరగడానికి మొరాయిస్తుంది కాబట్టి, దిగుడులో అదే ఒక బ్రేకుగా పనిచేస్తుంది; విద్యుత్ కార్లు, విద్యుత్ రైలింజన్లు నేడు చేస్తున్నది ఇదే. 500 కిలోల బగ్గీ 600 మీటర్ల వాలులో 30 మీటర్లు కిందికి దిగితే, దొర్లుడు రాపిడి పోను మిగిలే శక్తిలో సగం చేజిక్కినా, అది 12 వాట్‌-గంటలు; ఐదు వాట్ల వెనక దీపాన్ని రెండు గంటలకు పైగా వెలిగించడానికి అది చాలు.